విరళీకరణం అంటే ఎడం పెరగడం

తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం చదివినవాళ్లకు ఒక జంట పదం గుర్తుండే ఉంటుంది: సంపీడనాలు, విరళీకరణాలు. పక్కనే చుక్కల బొమ్మ. కొన్నిచోట్ల చుక్కలు ఒత్తుగా, కొన్నిచోట్ల పలచగా. పరీక్షలో ప్రశ్న వస్తే "కణాల సాంద్రత ఎక్కువగా ఉన్న ప్రాంతం సంపీడనం, తక్కువగా ఉన్న ప్రాంతం విరళీకరణం" అని రాస్తే మార్కులు పడతాయి. కానీ ఈ జంటలో పిల్లల బుర్రకెక్కేది మొదటిది ఒక్కటే. పీడనం అనే మాట అప్పటికే తెలుసు కాబట్టి సంపీడనం అంటే నొక్కడమని ఊహించుకోగలరు. విరళీకరణం మాత్రం నోటికి వస్తుంది, మనసుకు పట్టదు. వినగానే గుడికో బడికో ఇచ్చే విరాళం గుర్తొస్తుంది తప్ప గాలి గుర్తు రాదు.

నిజానికి ఈ మాట తెలుగువాళ్లకు కొత్తది కాదు. దీని వ్యతిరేక పదం రోజూ పేపర్లో కనిపిస్తూనే ఉంటుంది. "గ్రామాభివృద్ధికి అవిరళ కృషి చేశారు" అని రాస్తారు కదా, ఆ అవిరళమే. అవిరళ కృషి అంటే ఎడతెగని కృషి, మధ్యలో ఖాళీ లేనిది. అది అవిరళమైతే, మధ్యమధ్య ఖాళీలున్నది విరళం. ఇదే భావం అచ్చ తెలుగులో ఇంకా బాగా వినబడుతుంది. ఆగకుండా కురిసే వానను ఎడతెరిపి లేని వాన అంటాం. ఎడ అంటే నడుమ ఉన్న చోటు. పత్తి మొక్కలను ఎడంగా పెట్టమన్నా, పెళ్లి పందిట్లో కుర్చీలు కాస్త ఎడంగా వేయమన్నా అదే మాట. విరళం అంటే ఎడం ఉన్నది.

ఇక చివరి "ఈకరణం" సంగతి. పట్టణం కానిది పట్టణంగా మారడం పట్టణీకరణ, ప్రైవేటుది కానిదాన్ని ప్రైవేటుపరం చేయడం ప్రైవేటీకరణ. అదే తీరులో, ఎడం లేనిదాన్ని ఎడంగా చేయడం విరళీకరణం. ఇంగ్లీషులో దీన్ని రేర్‌ఫ్యాక్షన్ అంటారు. దాని మూలం లాటిన్‌లోని "రారుస్". ఆ మాటకు మొదటి అర్థం కూడా ఒత్తుగా లేనిది, ఎడం ఎడంగా ఉన్నది అనే. ఎడంగా ఉన్నది కాబట్టి ఎక్కడో గానీ కనబడదు, అందుకే అది తర్వాత "అరుదు" అనే అర్థంలోకీ జరిగింది. సంస్కృతంలోని విరళమూ ఇదే దారిలో నడిచి "అరుదుగా" అనే అర్థం తెచ్చుకుంది. రెండు దూరదేశాల భాషలు ఒకే చోట మొదలై ఒకే చోటికి చేరడం చూస్తే, ఈ ఊహ మనిషికి ఎంత సహజమో తెలుస్తుంది.

పాఠ్యపుస్తకంలోని "సాంద్రత తగ్గడం" అనే నిర్వచనం తప్పు కాదు, సగం మాత్రమే. సాంద్రత తగ్గిందని చెబుతుంది, ఎలా తగ్గిందో చెప్పదు. ఈ మాటకు ప్రాణం ఆ "ఎలా"లోనే ఉంది.

మజ్జిగ చిక్కగా ఉంటే పలచన చేస్తాం. అంటే నీళ్లు పోస్తాం. మజ్జిగకు వేరే పదార్థం తోడైంది. గాలిని పలచన చేయడానికి ఏమీ కలపనక్కర్లేదు. చోటు ఇస్తే చాలు. సూది లేని సిరంజి తీసుకుని, లోపల 5 మిల్లీలీటర్ల గాలి ఉంచి, మూతిని వేలితో గట్టిగా మూసి, పిస్టన్‌ను 10 మిల్లీలీటర్ల గీత దాకా లాగి చూడండి. లోపలికి ఒక్క అణువు రాలేదు, బయటికి ఒక్కటీ పోలేదు. అవే అణువులు రెట్టింపు చోటులో సర్దుకున్నాయి. సాంద్రత సగమైంది. ఉష్ణోగ్రత మారకపోతే ఒత్తిడి కూడా సగమవుతుందని రాబర్ట్ బాయిల్ 1662లో చెప్పిన సూత్రం ఇదే. పిస్టన్ వదిలేస్తే టక్కున వెనక్కి వెళుతుంది. లోపలి గాలి లాగినట్టు అనిపిస్తుంది గానీ లాగడం గాలికి చేతకాదు. బయట ఒత్తుగా ఉన్న గాలి నెడుతుంది, లోపల ఎడంగా ఉన్న గాలి దాన్ని ఆపలేకపోతుంది, అంతే. ఒత్తుగా అన్నా ఒత్తిడి అన్నా మనకు వినబడేది ఒకే "ఒత్తు" కావడం ఇక్కడ ఎంత అందంగా కుదిరిందో చూడండి.

మనం తీసుకునే ప్రతి ఊపిరి మొదలయ్యేదీ ఇలాగే. ఛాతీ వ్యాకోచిస్తుంది, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉన్న కండరపు పొర, ఉదరవితానం, కిందికి దిగుతుంది, ఊపిరితిత్తుల్లో ఉన్న గాలికి కాస్త ఎక్కువ చోటు దొరుకుతుంది. మామూలు శ్వాసలో లోపలి ఒత్తిడి బయటికన్నా సుమారు 1 మిల్లీమీటరు పాదరసం మేరకే తగ్గుతుంది. ఆ కొద్దిపాటి ఎడంలోకే బయటి గాలి వచ్చి చేరుతుంది. కొబ్బరిబోండాంలో స్ట్రా పెట్టి పీల్చినప్పుడు జరిగేదీ అదే పని, కొంచెం గట్టిగా.

మాటలో ఎంత విరళీకరణం?

పుస్తకంలోని చుక్కల బొమ్మ వల్ల ఒక అపోహ బలంగా నాటుకుపోతుంది. సంపీడనంలో గాలి కిక్కిరిసి ఉంటుందని, విరళీకరణంలో దాదాపు ఖాళీగా ఉంటుందని అనుకుంటాం. లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సుమారు 1,01,000 పాస్కల్స్. ఇద్దరు మామూలుగా మాట్లాడుకునేటప్పుడు, అంటే దాదాపు 60 డెసిబెల్స్ స్థాయిలో, ఆ ఒత్తిడిలో వచ్చే మార్పు 0.02 పాస్కల్. 50 లక్షల్లో ఒక వంతు. సాంద్రతలో మార్పు అంతకన్నా కాస్త తక్కువ. అంటే మాట మోసుకొచ్చే విరళీకరణంలో, 70 లక్షల అణువులు ఉండాల్సిన చోట సుమారుగా ఒక్కటి తక్కువగా ఉంటుంది. అంతే తేడా. ఆరోగ్యంగా ఉన్న చెవి పట్టగలిగే అతి చిన్న శబ్దంలో ఇది ఇంకో వెయ్యి రెట్లు తక్కువ, అంటే 700 కోట్లలో ఒకటి. బొమ్మ గీసేవాళ్లు ఆ తేడాను ఉన్నదున్నట్టు గీస్తే పేజీ అంతా ఒకే రకం చుక్కలతో నిండిపోతుంది. పెంచి చూపక తప్పదు. ఎంత పెంచి చూపించారో పిల్లలకు ఒక్క వాక్యంలో చెబితే బాగుంటుంది, ఎందుకంటే ఈ విషయంలో అసలు అద్భుతం ఆ చిన్నతనంలోనే ఉంది.

బొమ్మలో రెండో ఇబ్బంది దూరం. అందులో సంపీడనం పక్కనే విరళీకరణం ఉంటుంది. మగవాళ్ల గొంతులో ప్రాథమిక పౌనఃపున్యం సెకనుకు 120 కంపనాల దగ్గర ఉంటుందనుకుంటే, గది గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కాబట్టి ఒక తరంగం పొడవు దాదాపు 2.9 మీటర్లు. అంటే ఒత్తుగా ఉన్న చోటుకీ ఎడంగా ఉన్న చోటుకీ మధ్య దూరం మీటరున్నర దాకా వస్తుంది. పక్క కుర్చీలో కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నప్పుడు, నోటి దగ్గర సంపీడనం ఉన్న క్షణంలో వినేవాళ్ల చెవి దగ్గర విరళీకరణం ఉండొచ్చు. ఇదంతా జరుగుతున్నప్పుడు అణువులు మాత్రం ఆ దూరం ప్రయాణించవు. ఉన్నచోటే ముందుకూ వెనక్కూ ఊగుతాయి. ప్రయాణించేది ఎడం.

న్యూటన్‌కు తప్పిన లెక్క

విరళీకరణాన్ని సరిగా అర్థం చేసుకోకపోతే ఎంతటివాళ్లకైనా లెక్క తప్పుతుందనడానికి న్యూటనే ఉదాహరణ. ఆయన 1687లో ధ్వని వేగాన్ని కేవలం గణితంతో రాబట్టాడు. గాలి నొక్కుకున్నా ఎడమైనా ఉష్ణోగ్రత మారదని, బాయిల్ సూత్రమే పనిచేస్తుందని తీసుకున్నాడు. ఆ లెక్క ప్రకారం సున్నా డిగ్రీల దగ్గర వేగం సెకనుకు 280 మీటర్లు వస్తుంది. కొలిస్తే వచ్చేది 331. అంటే న్యూటన్ లెక్క దాదాపు 15 శాతం తక్కువ. ఆ తేడాను పూడ్చడానికి న్యూటన్ గాలి కణాల పరిమాణం, గాలిలోని ఆవిరి లాంటి కారణాలు వెతికాడు. అవేవీ నిలవలేదు.

సమాధానం 1816లో ఫ్రాన్స్‌కు చెందిన లాప్లాస్ నుంచి వచ్చింది. సైకిల్ ట్యూబులోంచి గాలి వదిలినప్పుడు వాల్వు దగ్గర వేలు పెడితే చల్లగా తగులుతుంది. గాలి తనంతట తాను వ్యాకోచించినప్పుడు చల్లబడుతుంది. అదే గాలిని పంపుతో గట్టిగా కొడితే పంపు వేడెక్కుతుంది. ధ్వనిలోనూ ఇదే జరుగుతుంది. సంపీడనంలో గాలి రవ్వంత వేడెక్కుతుంది, విరళీకరణంలో రవ్వంత చల్లబడుతుంది. సెకనులో వందలసార్లు జరిగే పని కాబట్టి ఆ వేడి పక్కకు పోయేంత సమయం ఉండదు. చల్లబడటం వల్ల విరళీకరణంలో ఒత్తిడి బాయిల్ సూత్రం చెప్పినదానికన్నా ఎక్కువగా పడిపోతుంది. సంపీడనంలో ఎక్కువగా పెరుగుతుంది. రెండింటి మధ్య నెట్టే బలం పెరుగుతుంది, తరంగం వేగం పుంజుకుంటుంది. గాలికి ఈ సవరణ 1.4కు వర్గమూలం, అంటే 1.18. 280ని దానితో గుణిస్తే 331 వచ్చేస్తుంది. ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లు న్యూటన్ సూత్రానికి లాప్లాస్ సవరణ అని బట్టీ పట్టిందే ఇది. దీన్ని గణితంలో ఒక మెట్టుగా నేర్పిస్తారు. విరళీకరణమంటే ఎడం పెరగడమే కాదు, చల్లబడటం కూడా అన్నది దాని సారం.

కొండ మీద గాలి

"ఎత్తుకు పోయేకొద్దీ ఆక్సిజన్ తగ్గిపోతుంది" అని అందరం అంటాం. మాట తప్పు కాదు, కానీ వినేవాళ్లకు గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందన్నట్టు అర్థమవుతుంది. విశాఖ బీచ్‌లోనూ ఎవరెస్ట్ కొసనా శాతం ఒక్కటే, దాదాపు 21. తగ్గేది గాలి మొత్తం. ఎవరెస్ట్ శిఖరం మీద, అంటే 8,849 మీటర్ల ఎత్తున, గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడో వంతే. ఒక గుక్కకు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గాలి పరిమాణం అంతే, అందులోని అణువులే తక్కువ. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆ గాలిలోకే ఎక్కి వెళ్లారు. అప్పటికి పూర్ణకు ఇంకా 14 ఏళ్లు నిండలేదు. ఆమె చేసిన సాహసం ఎంతటిదో తెలియాలంటే ఎత్తు ఎన్ని మీటర్లన్నది ఒక్కటే చాలదు, ఆ ఎత్తున గుక్కకు ఎన్ని అణువులు దొరుకుతాయో కూడా తెలియాలి.

కొండ మీది గాలిని ఎవరూ సాగదీయలేదు. పైనున్న గాలి బరువుకు కింది గాలి నొక్కుకుపోయి ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ ఆ బరువు తగ్గి గాలి ఎడమవుతుంది. వాతావరణంలోని మొత్తం గాలిలో సగం మొదటి 5.5 కిలోమీటర్లలోనే ఉంది. మిగతా సగం వందల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. దానికి పైకప్పులాంటి అంచు ఏదీ లేదు. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి కూడా ఆ పలచని గాలి రాపిడి తగులుతూనే ఉంటుంది. అందువల్ల అది మెల్లగా కిందికి జారుతుంది, అప్పుడప్పుడు ఇంజన్లు మండించి దాన్ని మళ్లీ పైకి నెట్టాల్సి వస్తుంది.

ఎడం ఎంత పెరుగుతుందో చెప్పడానికి శాస్త్రవేత్తలు వాడే మంచి కొలత ఒకటి ఉంది. ఒక అణువు ఇంకో అణువును గుద్దుకునే ముందు సగటున ఎంత దూరం పోతుంది? సముద్రమట్టంలో అది మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా ఉండదు. 100 కిలోమీటర్ల ఎత్తున అదే దూరం 14 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అక్కడ మామూలు ధ్వనికి దారి దొరకదు. తరంగం పొడవు, అణువుల ఎడం పోల్చదగ్గంత దగ్గరికి వచ్చాక ఒక అణువు తోపు ఇంకోదానికి అందేలోపే తరంగం చెదిరిపోతుంది. ధ్వనికి విరళీకరణం కావాలి, కానీ మాధ్యమమే మరీ విరళమైతే ధ్వని బతకదు. బాయిల్ 1660లో ప్రకటించిన ప్రయోగాల్లో గాజు పాత్రలో గడియారాన్ని వేలాడదీసి గాలి తోడేయడం ఒకటి. గాలి పోయేకొద్దీ గడియారం చప్పుడు వినబడకుండా పోయింది.

పలచని గాలిలో ఎగరడం ఎంత కష్టమో అంగారకుడి మీద తేలింది. అక్కడి నేల దగ్గర గాలి సాంద్రత మన దగ్గర ఉన్నదానిలో సుమారు 1 శాతం. రెక్క గాలిని కిందికి నెడితేనే హెలికాప్టర్ లేస్తుంది, నెట్టడానికి తగినంత గాలే లేకపోతే? 2021 ఏప్రిల్ 19న నాసా చిన్న హెలికాప్టర్ ఇన్‌జెన్యుటీ అక్కడ లేచి చూపించింది. బరువు 1.8 కిలోలు మాత్రమే, 1.2 మీటర్ల పొడవున్న రోటర్లు, వాటి వేగం నిమిషానికి సుమారు 2,400 చుట్లు. భూమ్మీద మామూలు హెలికాప్టర్ రోటర్ తిరిగేదానికి ఎన్నో రెట్లు. ఎడమైన గాలికి విరుగుడు ఈ మూడే: బరువు తగ్గించడం, రెక్క పెంచడం, వేగంగా తిప్పడం. దాని చీఫ్ ఇంజినీర్ జె. బాబ్ బలరామ్ మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూల్లో చదువుకున్నారు.

అంగారకుడి మీద ధ్వని వేగం సెకనుకు దాదాపు 240 మీటర్లని పర్సివరెన్స్ రోవర్ మైకులు తేల్చాయి. గాలి పలచన కాబట్టి వేగం తగ్గిందని వెంటనే అనిపిస్తుంది. అది నిజం కాదు. వాయువులో ధ్వని వేగం ఉష్ణోగ్రత మీద, అణువు బరువు, తీరు మీద ఆధారపడుతుంది, సాంద్రత ఒక్కటే తగ్గితే వేగం మారదు. అక్కడ చలి ఎక్కువ, గాలిలో అధిక భాగం బరువైన కార్బన్ డయాక్సైడ్. వేగం తగ్గడానికి కారణాలు అవి. విరళత వల్ల వచ్చేది వేరు: శబ్దం బాగా బలహీనపడుతుంది.

నీటిని సాగదీస్తే

గాలికి చోటిస్తే హాయిగా పరుచుకుంటుంది. నీళ్లు అలా కాదు. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. నీటి పరిమాణాన్ని 1 శాతం తగ్గించాలంటేనే 200 వాతావరణాలకు పైగా ఒత్తిడి పెట్టాలి. ఎడం చేయబోతే ఒక హద్దు దాకా ఓర్చుకుని, ఆపైన తెగిపోతాయి. తెగిన చోట బుడగ పుడుతుంది. వెనకే వచ్చే సంపీడనంలో ఆ బుడగ ఒక్కసారిగా కూలిపోతుంది, కూలేటప్పుడు చుట్టూ సూదిలాంటి నీటి ధారలు, తీవ్రమైన వేడి పుడతాయి. దీన్నే కావిటేషన్ అంటారు.

కళ్లద్దాల షాపులో నీళ్ల డబ్బాలాంటి మిషన్‌లో అద్దాలు వేస్తే, చెయ్యి తగలకుండానే మూలల్లోని జిడ్డు వదిలిపోతుంది. ఆ మిషన్ పుట్టించే అల్ట్రాసౌండ్‌లోని, అంటే చెవికి అందని ధ్వనిలోని విరళీకరణాలు కోట్ల బుడగలు పుట్టించి, అవి కూలుతూ మురికిని పెళ్లగించడమే ఆ శుభ్రత. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి రోగులకు వాడిన, కోత లేకుండా కిడ్నీ రాళ్లు పగలగొట్టే పద్ధతిలోనూ తరంగం వెనక భాగంలోని విరళీకరణం, అది పుట్టించే బుడగలు పనిలో పాలుపంచుకుంటాయి. అదే శక్తి ఓడ ప్రొపెల్లర్‌కు శత్రువు. వేగంగా తిరిగే రెక్క వెనక ఒత్తిడి పడిపోయి బుడగలు పుడతాయి, అవి కూలుతూ గట్టి లోహాన్ని కూడా గుంటలు పడేలా తినేస్తాయి, పైగా చప్పుడు చేస్తాయి. నీటి అడుగున దాగాల్సిన జలాంతర్గామికి ఆ చప్పుడు ప్రమాదం. విశాఖలోని నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీలో ప్రత్యేకంగా కావిటేషన్ టన్నెల్ ఉన్నది ఇలాంటి పరీక్షల కోసమే.

ఇక్కడే ఒక భరోసా కూడా. గర్భిణికి స్కానింగ్ చేసేటప్పుడు వాడేదీ అల్ట్రాసౌండే కదా, మరి బుడగలు పుట్టవా అని టెన్షన్ పడేవాళ్లుంటారు. అలా పుట్టే అవకాశం ఎంతో చెప్పడానికే స్కానింగ్ మిషన్ తెర మీద ఎంఐ అనే అంకె కనబడుతుంది, మెకానికల్ ఇండెక్స్ అని దాని పేరు. తరంగంలో విరళీకరణం అత్యధికంగా ఎంత లోతుకు దిగుతుందన్న దాని నుంచే ఆ అంకెను లెక్కిస్తారు, సంపీడనం ఎంత ఎత్తుకు వెళుతుందన్నది అందులోకి రాదు. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ఆ అంకె 1.9 దాటకూడదని పరిమితి పెట్టింది, కంటి స్కానింగుకైతే అది ఇంకా చాలా తక్కువ. విరళీకరణం అనే పదం ప్రతి స్కానింగ్ గదిలో ఒక భద్రతా కొలతగా పనిచేస్తోందన్నమాట.

ఎముక విషయంలో ఈ మాట కాస్త పక్కకు జరుగుతుంది. ఎక్స్‌రేలో ఎముక నీడ పలచబడితే వైద్యులు ఇంగ్లీషులో రేర్‌ఫ్యాక్షన్ అనే రాస్తారు. కానీ అక్కడ ఎముకకు చోటు పెరగలేదు. ఎముక సైజు అంతే ఉంది, లోపలి పదార్థమే కరిగిపోయింది. సాంద్రత అంటే ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించడం కాబట్టి కింది అంకె పెరిగినా తగ్గుతుంది, పై అంకె తగ్గినా తగ్గుతుంది. గాలిలో జరిగేది మొదటిది, ఎముకలో జరిగేది రెండోది. శాస్త్రం ఒకే పదంతో సరిపెట్టుకున్న చోట తెలుగు రెండు మాటలు ఉంచుకుంది: గాలి పలచబడుతుంది, ఎముక గుల్లబారుతుంది. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో, ఆరోగ్యవంతులైన యువతతో పోల్చి ఇచ్చే టీ స్కోరు మైనస్ 2.5 లేదా అంతకన్నా కిందికి వస్తే ఆస్టియోపోరోసిస్ అంటారు. ఊళ్లో పెద్దవాళ్లు ఎముకలు గుల్లబారాయి అనే అంటారు, అంతకన్నా కచ్చితమైన అనువాదం దొరకదు.

సిగ్నల్ దగ్గర

సంపీడనం, విరళీకరణం రెండూ ఒకే నాణేనికి బొమ్మాబొరుసూ అన్నట్టు పాఠంలో ఉంటాయి. చిన్న శబ్దాల వరకు అది నిజమే. తరంగం పెద్దదైతే సమానత్వం పోతుంది. ఒత్తిడి పెరగడానికి పై హద్దు లేదు, తగ్గడానికి మాత్రం అట్టడుగు ఉంది: శూన్యం. దానికన్నా ఖాళీ ఉండదు. ఇంకో తేడా అంతకన్నా లోతైనది. బలమైన సంపీడనంలో వెనకున్న వేడి గాలిలో తరంగం వేగంగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది, అలా పోగుపడి గోడలా నిలబడుతుంది. దాన్నే షాక్ తరంగం అంటారు. విరళీకరణంలో ముందుభాగం వేగంగా సాగిపోతుంది, చల్లబడిన వెనకభాగం నెమ్మదిస్తుంది, అందుకని అది పోనుపోను విసనకర్రలా విచ్చుకుంటుంది. గాలిలో సంపీడన షాక్ ఉంటుంది, విరళీకరణ షాక్ ఉండదు. పెద్ద అలల గురించి ఈ గణితాన్ని 1860లో జర్మన్ గణితవేత్త రీమాన్ మొదలుపెట్టాడు. పేలుడు జరిగినప్పుడు మొదట గోడలాంటి ఒత్తిడి తగులుతుంది, వెంటనే మామూలు కన్నా తక్కువ ఒత్తిడి ఉన్న దశ వస్తుంది. అది అంత తీవ్రంగా ఉండదు కానీ ఎక్కువసేపు ఉంటుంది. పేలుడు వైపున్న కిటికీ అద్దాలు కొన్నిసార్లు ఇంటి లోపలికి కాకుండా బయటికి పడేది ఈ రెండో దశ వల్లే.

ఇదే గణితం రోడ్డు మీద వాహనాలకు సరిగ్గా సరిపోతుందని 1955లో గణితవేత్తలు లైట్‌హిల్, విథామ్, మరుసటి ఏడాది విడిగా రిచర్డ్స్ చూపించారు. హైదరాబాద్ అమీర్‌పేట లాంటి చోట ఎర్ర లైటు పడిందనుకోండి. వచ్చే బండ్లు ఆగిన బండ్ల వెనక ఒక్కసారిగా చేరతాయి, ఎడంగా వస్తున్న వరుస ఒక గీత దగ్గర ఒత్తుగా మారిపోతుంది. అది షాక్. పచ్చ లైటు పడగానే జరిగేది విరళీకరణం. మొదటి బండి కదులుతుంది, దాని వెనక ఎడం ఏర్పడుతుంది, ఆ ఎడం చూసి రెండోది కదులుతుంది, దాని వెనక మూడోది. బండ్లు ముందుకు పోతుంటే ఎడం వెనక్కి ప్రయాణిస్తుంది. దాని వేగం గంటకు సుమారు 15 నుంచి 20 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 5 మీటర్లు. వరుసలో ఎవరూ ఆలస్యం చేయకపోయినా అది అంతకన్నా పెద్దగా పెరగదు. సిరంజిలో అణువులు ఎడమైనట్టే ఇక్కడ బండ్లు ఎడమవుతాయి: ఒక్క బండీ మాయం కాదు, చోటు మాత్రమే పెరుగుతుంది.

వరుస 300 మీటర్ల పొడవుందని, పచ్చ లైటు 45 సెకన్లు ఉంటుందని అనుకుందాం. ఆ ఎడం చివరి బండిని చేరడానికి 60 సెకన్లు కావాలి. చివర ఉన్నాయన హారన్ ఎంత మోగించినా, ఆయన ముందున్న బండి కదిలేసరికి అక్కడ ముందు మళ్లీ ఎర్ర లైటు పడి 15 సెకన్లు అయిపోయి ఉంటుంది.